రీసర్టిఫైడ్ హార్డ్ డిస్క్ కొనొచ్చు, నిండా రాసి చదివి చూశాకే నమ్మండి

ప్రశ్న: ఇంట్లో ఫొటోలు, వీడియోలు దాచుకోవడానికి 16 టీబీ రీసర్టిఫైడ్ హార్డ్ డిస్క్, అంటే ఒకసారి వాడినదాన్ని పరీక్షించి మళ్లీ అమ్మేది, కొత్తదానికంటే బాగా తక్కువకి వస్తోంది. కొనడం మంచిదేనా? వచ్చాక ఎలా పరీక్షించుకోవాలి?

కొనండి. కాకపోతే ఆ డిస్కు నిండా ఒకసారి రాసి, రాసిందంతా తిరిగి చదివి చూసేదాకా మీ ఇంటి ఫొటో ఒక్కటి కూడా అందులో పెట్టకండి. సెల్లర్ ఇచ్చే కాగితాన్నీ, డిస్కు మీద స్టిక్కర్నీ, స్క్రీన్ మీద కనిపించే "హెల్త్ 100"నీ నేను లెక్కలోకి తీసుకోను. మన టేబుల్ మీద, మన కళ్లముందు జరిగిన పరీక్షనే నమ్ముతాను.

మాది పాలకొల్లు. పెళ్లి వీడియోలు తీస్తాను. కింద స్టూడియో, మేడ మీద ఇల్లు. ఇప్పుడు ఒక పెళ్లంటే పెళ్లికొడుకుని చేయడం దగ్గర్నుంచి రిసెప్షన్ దాకా మూడు కెమెరాలు, పైన డ్రోన్. అన్నీ ఫోర్‌కేనే. అర టీబీ ఇట్టే దాటేస్తుంది. మాఘం, వైశాఖం, శ్రావణం ముహూర్తాలు కలిపితే ఎంతవుతుందో మీరే ఊహించుకోండి. పార్టీకి పెన్‌డ్రైవ్ ఇచ్చేశాం కదా అని ఒరిజినల్ ఫుటేజీ చెరిపేసే స్టూడియోలు చాలా ఉన్నాయి. నేను చెరపను. పెళ్లయిన ఆరేడేళ్లకి ఎవరో ఒకరు మెట్లెక్కి వస్తారు. "మా నాన్నగారు మాట్లాడిన ముక్క ఎక్కడైనా ఉందాండీ?" అని అడుగుతారు. ఎడిటింగ్‌లో తీసేసిన బిట్లలో ఆయన గొంతు ఉంటుంది. వాళ్లకి "లేదండీ" అని చెప్పడం నా వల్ల కాదు. అందుకే నాకు పెద్ద డిస్కులు కావాలి, అన్నీ కొత్తవి కొనే స్తోమత లేదు.

క్లౌడ్‌లో పెట్టుకోవచ్చుగా అనే వాళ్లకి ఒక లెక్క చెప్తాను. 100 ఎంబీపీఎస్ లైను నిండా వాడినా 700 జీబీ పంపడానికి 15 గంటలు దాటుతుంది. అదీ మధ్యలో ఎక్కడా తెగకుండా ఉంటే. ఆ తర్వాత ఏటేటా అద్దె కట్టాలి. ఎప్పుడైనా కట్టలేకపోతే ఉన్నదంతా పోతుంది. ఇంటి ఫొటోలు కాసిన్నే ఉంటే క్లౌడ్ బాగానే ఉంటుంది, కానీ మీరు 16 టీబీ గురించి అడిగారు.

ఇక ఈ డిస్కుల సంగతి. ఇవి ఎక్కువగా డేటా సెంటర్లలో కొన్నేళ్లు తిరిగి బయటికొచ్చినవి. సీగేట్ ఎక్సోస్, డబ్ల్యూడీ అల్ట్రాస్టార్, తోషిబా ఎంజీ సిరీస్ లాంటివి. కంపెనీయే పరీక్షించి అమ్మేవి వేరు, ఎవరో సెల్లర్ తుడిచి, "రీఫర్బిష్డ్" అని రాసి అమ్మేవి వేరు. మొదటి రకం దొరికితే కాస్త ఎక్కువైనా అవే తీసుకోండి. రెండింటిలోనూ వాడిన గంటలు సున్నా అని కనిపించొచ్చు. ఆ సున్నా చూసి సంబరపడకండి. 2025 జనవరిలో జర్మనీలో కొత్తవని అమ్మిన ఎక్సోస్ డిస్కులే వేల గంటలు తిరిగినవని బయటపడింది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే నంబర్ల పట్టీని స్మార్ట్ లెక్క అంటారు. ఆ మామూలు స్మార్ట్ లెక్కలో గంటలు చెరిపేశారు, సీగేట్ డిస్కుల లోపల వేరేగా ఉండే ఫార్మ్ లాగ్‌లో అసలు గంటలు ఉండిపోయాయి. ఈ లెక్కలు చూపించే స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో 7.4 వెర్షన్ నుంచి ఆ లాగ్‌ను మనమూ చూడొచ్చు. కొన్న సీగేట్ డిస్కు ఏదైనా సరే అది చూడండి. రెండు లెక్కల మధ్య పెద్ద తేడా ఉండి, సెల్లర్ కొత్తదని అమ్మి ఉంటే వెంటనే తిప్పి పంపండి. రీసర్టిఫైడ్ అని చెప్పే అమ్మితే గంటల గురించి నేను పెద్దగా పట్టించుకోను. నాకు కావలసింది అది ఇవాళ ఎలా పనిచేస్తోంది అన్నదే.

కొనేముందు మోడల్ నంబరు చూడండి. బాగా చవగ్గా కనిపించేవాటిలో చాలావరకు శాస్ డిస్కులు, అంటే సర్వర్లలో వాడే వేరే రకం కనెక్షన్‌వి, ఉంటాయి. అవి మన మదర్‌బోర్డు సాటా పోర్టుకి పెట్టలేం, వేరే కార్డు కొనాలి. అల్ట్రాస్టార్ హెచ్‌సీ620 లాంటివి ఇంకో రకం. అవి హోస్ట్ మేనేజ్డ్ ఎస్ఎంఆర్, అంటే ఎక్కడ ఏ వరుసలో రాయాలో కంప్యూటరే చూసుకోవాల్సిన రకం, మామూలు విండోస్ కంప్యూటర్లో పనికిరావు. ధర చూసి మోసపోయేది ఇక్కడే.

పోయిన వేసవి ముందు నేను రెండు 16 టీబీ ఎక్సోస్ డిస్కులు తెప్పించాను. ఒకటి అసలు తిరగలేదు. పాత కంప్యూటర్లో పెట్టి ఆన్ చేస్తే చప్పుడే లేదు. మా వీధి చివర కంప్యూటర్ షాపు కుర్రాడు వచ్చి చెవి దగ్గర పెట్టుకుని విని, "గురువుగారూ, ఇది పోయిందండి, తిప్పి పంపేయండి" అన్నాడు. మంచి కుర్రాడు, మా బజార్లో అందరి కంప్యూటర్లూ బాగుచేసేది అతనే. నేను మా బావ దగ్గర యూఎస్‌బీ డాక్, అంటే డిస్కుని బయటి నుంచే కంప్యూటర్‌కి తగిలించే పెట్టె, ఉంటే తెచ్చి అందులో పెట్టాను. ఝుమ్మని తిరిగింది. విషయం ఏంటంటే, ఈ డేటా సెంటర్ డిస్కుల్లో కొన్నింటికి పవర్ కనెక్టర్ మూడో పిన్నుకి 3.3 వోల్టులు అందితే డిస్కు ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. దూరం నుంచి డిస్కుని ఆపి మళ్లీ లేపడానికి అక్కడ అది అవసరం. మన పాత పవర్ సప్లైలు ఆ పిన్నుకి ఎప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూనే ఉంటాయి, కాబట్టి డిస్కు లేవదు. డాక్‌లో ఆ వోల్టేజీ ఉండదు. ఆ పిన్ను మీద సన్నగా కాప్టన్ టేపు (కరెంటు పారనివ్వని టేపు) ముక్క అంటిస్తే చాలు. అలాగే చేశాం, లేచింది. ఇది తెలియక ఎంతమంది మంచి డిస్కుల్ని తిప్పి పంపేస్తున్నారో.

అసలు గొడవ రెండో డిస్కుతో వచ్చింది. ఇది మొదటి నిమిషం నుంచీ చక్కగా తిరిగింది. స్మార్ట్ లెక్క చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో నీలం రంగులో "గుడ్" అని చూపించింది. డిస్కు తనను తాను కాసేపు పరీక్షించుకునే షార్ట్ టెస్ట్ పాసైంది. దీన్ని లినక్స్‌లో బ్యాడ్‌బ్లాక్స్ అనే పరీక్షకి పెట్టాను. అది డిస్కు మొత్తం ఒక గుర్తు రాసి మళ్లీ చదువుతుంది, అలా నాలుగు రకాల గుర్తులతో చేస్తుంది. మొదటి గుర్తు రాయడం, చదవడం సాఫీగా అయిపోయాయి. రెండో గుర్తు చదువుతుండగా స్మార్ట్ లెక్కలో 197వ నంబరు, అంటే చదవలేక పక్కన పెట్టిన సెక్టార్ల (డేటా రాసే చిన్న గడుల) లెక్క, కదలడం మొదలైంది. కూర్చుని చూస్తుండగానే పెరిగింది. మూడో గుర్తు రాయడం మొదలయ్యాక 197 తగ్గుతూ వచ్చి సున్నా అయింది, దానికి బదులు 5వ నంబరు పెరిగింది. చెడ్డ సెక్టార్లు వదిలేసి డిస్కు తన దగ్గరున్న స్పేర్ సెక్టార్లలోకి మారిందన్న మాట. ఆ లెక్క మారిన ప్రతిసారీ ఫోన్లో ఫొటో తీసిపెట్టాను.

సెల్లర్‌కి ఫోన్ చేస్తే అతను, "సార్, మీరు చెప్పిన 197 ఇప్పుడు సున్నాయే కదా, హెల్త్ కూడా బాగుంది, వాడుకోండి" అన్నాడు. 5వ నంబరు చూడమన్నాను. అప్పుడు మాట మార్చి, "మీరు వారం పాటు ఆపకుండా రాశారు, అందుకే పాడైంది, అది మా బాధ్యత కాదు" అన్నాడు. ఇలాంటి మాటకి జవాబు కంపెనీ కాగితంలోనే ఉంది. ఎక్సోస్ డిస్కుల్ని ఏడాదికి 550 టీబీ రాయడానికి, చదవడానికి తయారు చేశామని సీగేటే రాసింది. 16 టీబీ డిస్కుని నాలుగు గుర్తులతో రాసి చదివితే మొత్తం 128 టీబీ. ఏడాదికి 550 మోయాల్సింది 128కే చేతులెత్తేస్తే అది ముందే పాడైన డిస్కు. ఆ కాగితం, ఫొటోలు, లాగ్ ఫైలు కలిపి మెయిల్ పెట్టాను. రిటర్న్ గడువు ఇంకా ఉంది కాబట్టి మార్చి ఇచ్చాడు. గడువు దాటి ఉంటే ఆ డిస్కు నా దగ్గరే ఉండేది, రెండు సీజన్ల పెళ్లిళ్లు దాని మీదే ఉండేవి. తలచుకుంటేనే భయమేస్తుంది.

అందుకే గడువు గురించి ఇంతగా చెప్తున్నాను. 16 టీబీ డిస్కు అంచు దగ్గర సెకనుకి 250 ఎంబీ పైగా రాస్తుంది, లోపలికి వెళ్లేకొద్దీ సగానికి పడిపోతుంది. ఒకసారి మొత్తం రాయడానికే దాదాపు ఒక రోజు. బ్యాడ్‌బ్లాక్స్ మొత్తానికి వారం పైనే. ఏడు రోజుల రిటర్న్ అని ఒప్పుకునే సెల్లర్ దగ్గర పెద్ద డిస్కు కొనడం దండగ, పరీక్ష పూర్తయ్యేసరికి గడువు అయిపోతుంది. ఈ వెబ్‌సైట్లలో రివ్యూలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పార్సిల్ అందిన రోజే అయిదు స్టార్లు ఇచ్చేస్తారు. "ప్యాకింగ్ సూపర్, డెలివరీ ఫాస్ట్" అంటారు. డిస్కు ఎలా ఉందో వాళ్లకి అప్పటికి తెలియనే తెలియదు, ఆ స్టార్లు చూసి మనం కొంటాం.

మీరు చేయాల్సిన వరుస చెప్తాను. పెట్టె విప్పగానే స్మార్ట్ లెక్క మొత్తం సేవ్ చేసుకోండి. 5, 197, 198 (చదవలేని, సరిచేయలేని సెక్టార్ల లెక్క) నంబర్లు సున్నా ఉండాలి. తర్వాత లాంగ్ టెస్ట్ పెట్టండి, డిస్కు తనను తాను మొత్తం చదివి చూసుకుంటుంది, దానికీ ఒక రోజు పైనే పడుతుంది. తర్వాత బ్యాడ్‌బ్లాక్స్ రాసే పరీక్ష. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి డిస్కు పేరు సరిచూసుకుని మరీ ఎంటర్ నొక్కండి. 16 టీబీ వరకు బ్లాక్ సైజు, అంటే అది డిస్కుని లెక్కపెట్టే ముక్క సైజు, 4096 బైట్లు సరిపోతుంది. 18 టీబీ, ఆపైన అయితే 8192 ఇవ్వాలి, లేకపోతే అది లెక్కపెట్టలేక మొదట్లోనే ఆగిపోతుంది. లినక్స్ రాదంటారా, విండోస్‌లో క్విక్ ఫార్మాట్ టిక్కు తీసేసి ఫుల్ ఫార్మాట్ చేయండి, అది మొత్తం సున్నాలు రాస్తుంది. ఆ తర్వాత సీగేట్ వాళ్ల సీటూల్స్ సాఫ్ట్‌వేర్‌లో లాంగ్ టెస్ట్ చేయండి. కనీసం అంత చేసి తీరాలి. చివర్లో స్మార్ట్ లెక్క మళ్లీ తీసి మొదటిదానితో పోల్చండి. 199 పెరిగితే కంగారు వద్దు, అది సాధారణంగా కేబుల్ దోషం. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి కనెక్టర్లు తొందరగా చిలుము పడతాయి, కేబుల్ మార్చి చూడండి. 16 టీబీకి విండోస్‌లో 14.55 అని చూపిస్తే మోసం జరిగిందనుకోకండి, ఆ లెక్కించే పద్ధతే వేరు.

మా ప్రాంతంలో డిస్కు కంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది కరెంటు. చుట్టూ రొయ్యల చెరువులు. రాత్రి ఏరేటర్లన్నీ మొదలయ్యాయంటే మా వీధిలో బల్బులు మసకబారతాయి. వారం పాటు నడవాల్సిన పరీక్ష అయిదో రోజున కరెంటు పోయి ఆగిపోతే మళ్లీ మొదటికి రావాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనకాల స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. నార్మల్‌లో ఉంటే కరెంటు మారే ఆ క్షణంలోనే కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. చాలామంది ఇళ్లలో కొన్నప్పటి నుంచీ నార్మల్‌లోనే ఉంటుంది, బిగించడానికి వచ్చినవాడు చెప్పడు.

ఎండల్లో పరీక్ష పెడితే డిస్కు ముందు ఫ్యాను ఉండి తీరాలి. ఎక్సోస్‌కి కంపెనీ చెప్పిన హద్దు 60 డిగ్రీలు. రోహిణి కార్తెలో మూసిన క్యాబినెట్‌లో పెడితే అక్కడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. నేను 50 దాటనివ్వను. తేమ గురించి కూడా అడుగుతుంటారు. ఇప్పటి పెద్ద డిస్కుల్లో చాలావరకు లోపల హీలియం నింపి సీలు వేసినవే, 2013లో హెచ్‌జీఎస్‌టీ 6 టీబీతో మొదలైన పద్ధతి అది. లోపలికి మన గాలి వెళ్లదు. బయట ఉన్న బోర్డుకి మాత్రం తేమ తగులుతుంది, అందుకే కిటికీ పక్కన పెట్టకండి.

మీ ప్రశ్నకి వస్తే, 16 టీబీ ఒక్కటి కొనే డబ్బుంటే 8 టీబీ రెండు కొనండి. ఇంటి ఫొటోలకి 8 చాలు. ఒకేది రెండింటిలోనూ పెట్టి, ఒకటి వేరే ఊళ్లో మీ అన్నయ్య ఇంట్లోనో, అత్తగారింట్లోనో ఉంచండి. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుఫాను చూసినవాళ్లకి ఈ మాట వేరే వివరించక్కర్లేదు. రెండు కాపీలూ ఒకే బీరువాలో ఉంటే ఒకటి ఉన్నట్టే. ఒక డిస్కులో రాసింది అప్పటికప్పుడే రెండోదాంట్లోనూ రాసే మిర్రర్ రెయిడ్ పెట్టాం కదా అంటారు కొందరు. పొరపాటున ఫోల్డర్ చెరిపితే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరిగిపోతుంది, అది బ్యాకప్ అవదు.

ఇంకొకటి. వారంటీ ఎవరిదో బిల్లు మీద రాయించుకోండి. చాలా రీసర్టిఫైడ్ డిస్కులకి కంపెనీ వారంటీ మన పేరున రాదు, సెల్లర్ ఇచ్చేదే. డిస్కు వచ్చిన అట్టపెట్టె, లోపలి ఫోము, యాంటీ స్టాటిక్ కవరు ఆ వారంటీ అయ్యేదాకా అటక మీద ఉంచండి. వేరే ప్యాకింగ్‌లో తిప్పి పంపితే దారిలో దెబ్బ తగిలిందని చెప్పి తీసుకోరు.