పండుగ లెక్కలు రాస్తున్న చిరంజీవికి

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

పండుగల పేరుతో బడిపిల్లల కోసం నీవు రాసి పంపిన లెక్కల పుస్తకం ప్రతిని శ్రద్ధగా చదివాను. కూడికలు, భాగహారాలు సరిగ్గానే ఉన్నాయి. కానీ చాలా లెక్కల్లో పండుగ పేరు తీసివేసినా లెక్క చెక్కుచెదరడం లేదు, నా అభ్యంతరమంతా అక్కడే. ‘సంక్రాంతికి సీత 240 అరిసెలు వండి, వాటిలో ఎనిమిదింట మూడు వంతులు పంచిపెడితే ఎన్ని మిగిలాయి?’ అని రాశావు. అరిసెల స్థానంలో ఇటుకలు పెట్టినా జవాబు 150 వస్తుంది. వంటింట్లో నిజంగా పుట్టే ప్రశ్న వేరు: కిలో బియ్యానికి ముప్పాతిక కిలో బెల్లం చొప్పున రెండున్నర కిలోల బియ్యానికి ఎంత బెల్లం కావాలి, కొట్టులో అరకిలో అచ్చులే ఉంటే ఎన్ని కొనాలి? గుణకారం 1 కిలో 875 గ్రాముల దగ్గర ఆగుతుంది, కొనవలసినవి మాత్రం నాలుగు అచ్చులు. ఆ చివరి అడుగు వేయాలంటే పిల్లవాడు కొట్టును మనసులో చూడక తప్పదు.

చూడకపోతే ఏమవుతుందో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో 1979-80 ప్రాంతంలో తేలింది. ‘ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత?’ అని చిన్న తరగతుల పిల్లలను అడిగితే, చాలామంది ఉన్న అంకెలతోనే ఏదో ఒక లెక్క చేసి వయసు చెప్పేశారు. అలంకారానికి పండుగను తగిలించిన లెక్కలు పిల్లలకు సరిగ్గా ఈ అలవాటునే నేర్పుతాయి.

రథయాత్ర లెక్కను తిరగరాయాలి. ఆషాఢ శుద్ధ విదియ నాడు బయలుదేరిన జగన్నాథుడు దశమి నాడు బాహుడా యాత్రలో తిరిగి వస్తాడు కాబట్టి పదిలోంచి రెండు తీసి ఎనిమిది రోజులన్నావు. రెండు కొసలూ కలుపుకుంటే తొమ్మిది. పైగా తిథి ఒక్కోసారి లోపిస్తుంది, ఒక్కోసారి రెండు రోజులకు సాగుతుంది, కనుక తిథులను తీసివేతకు వాడకుండా ఆ ఏటి క్యాలెండరు తేదీలే ఇచ్చి, ‘మొదటి రోజు, చివరి రోజు కలిపి’ అని స్పష్టంగా రాయి. గుణుపూరు రైలును గంటకు 120 కిలోమీటర్ల వేగంతో నడిపావు. నౌపడా నుంచి దాదాపు 90 కిలోమీటర్ల ఆ దారిని ముప్పావు గంటలో దాటించావంటే, ఆ రైలెక్కిన పిల్లవాడెవడైనా ముందు నవ్వుతాడు, తర్వాత నీ పుస్తకంలో మరే అంకెనూ నమ్మడు.

సరిహద్దులో ఉంటూ సరిహద్దు లెక్క ఒక్కటీ రాయకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. పన్నుల తేడా వల్ల పెట్రోలు ఆంధ్రలో కంటే మన ఒడిశా వైపు చవక, అవతలి వాళ్లు ఇక్కడికి వచ్చి పోయించుకోవడం చూస్తూనే ఉంటాం. తేడా లీటరుకు 8 రూపాయలనీ, మన బంకులో ధర 102 అనీ అనుకుందాం. అవతలి పల్లె నుంచి బంకుకు రానుపోను 15 కిలోమీటర్లు. స్కూటరు లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తుంది, అంటే ప్రయాణానికే లీటరులో మూడో వంతు, 34 రూపాయలు ఖర్చు. నాలుగు లీటర్లు పోయిస్తే 32 మిగిలి రెండు రూపాయలు నష్టం, ఐదు పోయిస్తే ఆరు రూపాయలు లాభం. ‘కనీసం ఎన్ని లీటర్లు పోయిస్తే గిట్టుబాటు?’ అనే ఈ ప్రశ్న ఇళ్లలో పెద్దలు నిజంగా వేసుకోవలసినదే, కానీ ఎక్కువమంది వేసుకోరు. భిన్నం, గుణకారం, అసమానత అన్నీ ఇందులో ఎవరూ పిలవకుండానే వచ్చి చేరాయి. అచ్చులో ధరలు వేయకుండా ఖాళీ వదులు. ఆ వారం బంకుల్లో చూసిన ధరలను పిల్లవాడే నింపుకుంటాడు, జవాబు ఏటా మారుతుంది.

మన పిల్లల్లో చాలామంది బడిలో ఒడియా చదువుతూ ఇంట్లో తెలుగు మాట్లాడేవారే కనుక, లెక్కలోని కష్టం అంకెల్లో ఉండాలి గాని వాక్యంలో ఉండకూడదు. ఒక వాక్యానికి ఒక సంగతి చాలు, ప్రశ్న చివర ఉండాలి. ఇంత పొడవైన వాక్యాలు నాలాంటివాళ్ల ఉత్తరాలకే పరిమితం కానీ. సవరించిన ప్రతి పంపేటప్పుడు జవాబుల పేజీలో, నాలుగు అచ్చులని, ఐదు లీటర్లని ఎందుకు పైకి సవరించామో ఒక్కొక్క వాక్యం జోడించు.

ఆశీస్సులతో.