బ్రన్సన్ తగ్గాడు సరే, మీరెందుకు తగ్గాలి?

ప్రశ్న: న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, వయసు 34. జీతం ఏడాదికి 1,80,000 డాలర్లు. కంపెనీ పెట్టిన స్నేహితుడు 1,20,000 ఇస్తాను, మిగతాది స్టాక్ ఆప్షన్లు (ముందే ఖాయం చేసిన ధరకు కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు) అంటున్నాడు. ‘మంచి టీమ్ కట్టాలంటే తగ్గాలిరా, మన బ్రన్సన్ తగ్గలేదా?’ అంటాడు. నేనూ బ్రన్సన్ ఆడే న్యూయార్క్ నిక్స్ బాస్కెట్‌బాల్ జట్టు అభిమానినే. ఒప్పుకోవచ్చా?

జవాబు: మీ స్నేహితుడు గడుసువాడే. అభిమానం దగ్గర మీరు మెత్తబడతారని తెలిసే బేరం అక్కడ మొదలుపెట్టాడు.

జేలెన్ బ్రన్సన్ 2024 జులైలో నాలుగేళ్లకు 15.65 కోట్ల డాలర్లకు సంతకం చేశాడు. ఇంకో ఏడాది ఆగితే అయిదేళ్లకు 26.9 కోట్ల దాకా వచ్చే వీలుంది. 11.3 కోట్లు వదిలేశాడని అంతా మెచ్చుకున్నారు. కానీ అందులో అయిదో ఏడాది జీతమూ కలిసి ఉంది. సగటున చూస్తే తగ్గింది ఏడాదికి కోటిన్నర దాకా. ఆగి ఉంటే ఆ ఏడాదిలో మోకాలు దెబ్బతింటే ఏమిటన్న భయం తీరింది. పైగా 2028లో ఒప్పందంలోంచి బయటికొచ్చి మళ్లీ బేరమాడే హక్కు రాయించుకున్నాడు. అప్పటికి లీగ్‌లో పదేళ్లు నిండుతాయి, పదేళ్లవాళ్లకు గరిష్ఠ జీతం ఇంకా ఎక్కువ. దీన్ని త్యాగం అనడానికి నాకు నోరు రాదు.

అసలు తేడా శాలరీ క్యాప్‌లో, అంటే జట్టు జీతాలకు పెట్టిన హద్దులో ఉంది. బ్రన్సన్ ఆడే లీగ్ ఎన్‌బీఏలో జట్టు జీతాల మొత్తం ఒక గీత దాటితే పన్ను పడుతుంది, ఇంకా పైకి పోతే ఆటగాళ్ల మార్పిళ్లకూ చేతులు కట్టేస్తారు. అందుకే ఒకరు వదిలిన డాలరు పక్కవాడికి చోటవుతుంది. టౌన్స్, బ్రిడ్జెస్, అనునోబీ లాంటి ఖరీదైన ఆటగాళ్లు ఒకే జట్టులో ఇమడడానికి బ్రన్సన్ తగ్గింపు కలిసొచ్చింది. మీ స్నేహితుడి కంపెనీకి అలాంటి గీత లేదు. మీరు వదిలే 60,000 మంచి ఇంజినీరుకే పోతుందో, ఆఫీసు అద్దెకు పోతుందో ఎవరు చూడొచ్చారు?

డబ్బు సరైన చోటికే వెళ్లినా ఫలితం రాకపోవచ్చు. 2014లో డల్లాస్ జట్టు ఆటగాడు డర్క్ నొవిట్జ్‌కీ ఎంతో తగ్గి మూడేళ్లకు 2.5 కోట్లకే ఒప్పుకున్నాడు. 2019లో రిటైరయ్యేదాకా డల్లాస్ మళ్లీ ఒక్క ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్) సిరీస్ గెలవలేదు. అతడికి అప్పటికే 2011 టైటిల్ ఉంది, పెద్ద జీతాలూ అందుకున్నాడు. మీకు ఇంటి అప్పు ఉందో లేదో ఉత్తరంలో రాయలేదు.

నాలుగేళ్లలో మీరు వదిలేది 2,40,000. కొత్త కంపెనీ మీ 401(కె) రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో వాటా వేయకపోతే అదీ కలపాలి. ఎన్ని ఆప్షన్లు అన్నది పట్టించుకోకండి, మొత్తం షేర్లలో అది ఎంత శాతమో అడగండి. మానేశాక ఎన్ని రోజుల్లో కొనుక్కోవాలో కూడా అడగండి. చాలా చోట్ల గడువు 90 రోజులే, అప్పుడు చేతిలో డబ్బు లేకపోతే నాలుగేళ్ల కష్టం గాలికే. బ్రన్సన్ 2028 రాయించుకున్నట్టు, కంపెనీకి తర్వాతి పెట్టుబడి రాగానే జీతం పాత స్థాయికి చేరాలని మీరూ రాయించుకోండి. హెచ్1బీ మీద ఉంటే వీసా బదిలీ పూర్తయ్యాకే రాజీనామా.

నన్నడిగితే 1,50,000కి తక్కువ ఒప్పుకోవద్దు. అదీ ఏడాది ఇంటి ఖర్చు బ్యాంకులో విడిగా ఉంటేనే. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక, సంతకం పెట్టకముందు నాకోసారి పంపండి.