పాఠకుల ప్రశ్నలు: డీఆర్‌ఓకు స్కేల్ జత కుదరాలంటే

ప్రశ్న: మా మిల్లింగ్ మెషిన్‌కు లోగడ మూడు యాక్సిస్‌ల డీఆర్‌ఓ (టేబుల్ ఎంత జరిగిందో అంకెల్లో చూపే డిజిటల్ రీడౌట్) బిగించుకున్నాం. ఎక్స్ యాక్సిస్ గ్లాస్ స్కేల్‌లోకి (జరిగిన దూరాన్ని కొలిచే, గీతలున్న గాజు పట్టీ) కూలెంట్ దిగి పాడైతే, అలాంటిదే తొమ్మిది పిన్నుల కనెక్టర్ ఉన్న వేరే కంపెనీ స్కేల్‌ను రాణీగంజ్‌లో కొని తగిలించాం. టేబుల్‌ను 100 మిల్లీమీటర్లు జరిపితే డిస్‌ప్లే మీద 20 మాత్రమే వస్తోంది, అదీ మైనస్‌లో. వై యాక్సిస్‌కు, తుక్కు కింద అమ్మేసిన ఒక పాత జర్మన్ మెషిన్ స్కేల్ పెట్టి, దాని గుండ్రటి కనెక్టర్ కోసేసి తొమ్మిది పిన్నుల కనెక్టర్ సోల్డర్ చేయించాం. అక్కడ ఎంత జరిపినా లెక్క ముందుకు సాగదు. అప్పుడప్పుడు చివరి అంకె మాత్రం ఊగుతుంది. డీఆర్‌ఓ పాడైనట్టేనా?
– ఒక వర్క్‌షాప్ యజమాని, బాలానగర్, హైదరాబాద్

జవాబు: డీఆర్‌ఓ బాగానే ఉండి ఉంటుంది. ఆ సంగతి రూఢి చేసుకోవడానికి, పవర్ ఆపి, ఎక్స్ స్కేల్ కనెక్టర్‌ను వై సాకెట్‌లో పెట్టి చూడండి. వై వరుసలో అంకెలు పరిగెత్తితే డిస్‌ప్లేలో లోపం లేనట్టే. జర్మన్ స్కేల్‌ను మాత్రం దాని వైరింగ్ తేలేదాకా ఏ సాకెట్‌లోనూ పెట్టవద్దు.

ఎక్స్ యాక్సిస్ సంగతి తేలిక. మామూలు గ్లాస్ స్కేల్ మీద గీతలు 20 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఒకటి చొప్పున ఉంటాయి. స్కేల్ వెంట జరుగుతూ గీతలను చదివే రీడర్ హెడ్ వాటిని ‘ఏ’, ‘బీ’ అనే రెండు సిగ్నళ్లుగా, ఒకదానికంటే ఒకటి పావు వంతు వెనకబడేలా పంపుతుంది కాబట్టి, ఒక్కో గీతకు నాలుగు లెక్కలు దొరికి 5 మైక్రాన్ల రిజల్యూషన్ (చూపగల అతి చిన్న మెట్టు) వస్తుంది. ఒక మైక్రాన్ స్కేల్‌లో అదే గీతను హెడ్‌లోని సర్క్యూట్ ఇంకో ఐదు భాగాలు చేస్తుంది. స్కేల్ పంపేది లెక్కలను మాత్రమే. ఒక్కో లెక్క విలువ ఎంతో డీఆర్‌ఓకు మనమే చెప్పాలి. మీ పాత స్కేల్ ఒక మైక్రాన్‌ది, కొత్తది 5 మైక్రాన్లది అయి ఉండాలి. 100 మిల్లీమీటర్లకు కొత్త స్కేల్ 20,000 లెక్కలు పంపితే, డీఆర్‌ఓ ఒక్కోదాన్ని ఒక మైక్రాన్‌గా తీసుకుని 20 మిల్లీమీటర్లు చూపిస్తోంది. సెటప్ మెనూలో ఎక్స్ రిజల్యూషన్‌ను 5 మైక్రాన్లకు మార్చి, డైరెక్షన్‌ను తిప్పితే రెండు ఇబ్బందులూ పోతాయి. ఇలాంటి తేడాను లీనియర్ కాంపెన్సేషన్‌తో సరిచేయాలని చూసేవాళ్లు ఉన్నారు. అది పొరపాటు, ఎందుకంటే ఆ సదుపాయం మైక్రాన్లలో ఉండే చిన్న తేడాను దిద్దడానికి ఉద్దేశించినది. డిస్‌ప్లే సరిగ్గా రెండింతలో, ఐదో వంతో చూపిస్తే అది సెట్టింగ్ తప్పు, 100కు 99.96 చూపిస్తే అప్పుడు బిగింపునూ కాంపెన్సేషన్‌నూ ఆలోచించాలి.

మార్చిన తరువాత హ్యాండిల్ మీది గీతలతో పోల్చి తృప్తిపడకండి. టేబుల్‌ను నడిపే లీడ్ స్క్రూ అరుగుదల, బ్యాక్‌లాష్ (స్క్రూకూ నట్టుకూ మధ్య వదులు) అందులో కలిసిపోతాయి. స్పిండిల్‌కు లివర్ డయల్ (చిన్న కదలికను ముల్లుతో చూపే గేజ్) బిగించి, టేబుల్ మీద 100 మిల్లీమీటర్ల స్లిప్ గేజ్‌ను (కచ్చితమైన కొలత గల ఉక్కు దిమ్మ) ఒక స్టాపర్‌కు ఆనించి డయల్‌ను సున్నా చేసి, గేజ్ తీసేశాక స్టాపర్ ముఖం మీద డయల్ మళ్లీ అదే సున్నాకు వచ్చేదాకా టేబుల్ జరిపి, డిస్‌ప్లే చదవండి. గేజ్‌ను కనీసం ఒక గంట ముందే టేబుల్ మీద పెట్టి ఉంచండి. ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు సాగుతుంది కాబట్టి, ఏసీ గదిలోంచి తెచ్చిన గేజ్‌తో మే నెల షెడ్డులో కొలిస్తే లేని తప్పు కనిపిస్తుంది.

అసలు చిక్కు వై యాక్సిస్‌ది. కనెక్టర్ ఆకారం కుదిరినంత మాత్రాన సిగ్నల్ కుదిరినట్టు కాదు. మీ డీఆర్‌ఓ ఎదురుచూసేది టీటీఎల్, అంటే సున్నాకూ 5 వోల్టులకూ మధ్య ఎగిరిపడే చదరపు అలలు. పాత యూరోపియన్ స్కేళ్లలో చాలావాటి నుంచి వచ్చేది 11 మైక్రో ఆంపియర్ల సైన్ అల. అది వోల్టేజి కాదు, ఫోటోసెల్ ఇచ్చే పలుచని కరెంటు. ఆ తరువాత వచ్చిన కొన్నింటిలో ఒక వోల్టు సైన్ అల ఉంటుంది. ఈ రెండింటినీ టీటీఎల్ ఇన్‌పుట్ గుర్తుపట్టదు.

మీ స్కేల్ ఏ రకమో మల్టీమీటర్‌తో తెలుసుకోవచ్చు. ముందుగా స్కేల్ నేమ్ ప్లేట్ మీది మోడల్ నంబరుతో కంపెనీ వైరింగ్ పట్టిక సంపాదించండి. తీగల రంగును బట్టి ఊహించి 5 వోల్టులు ఇస్తే హెడ్ కాలిపోవచ్చు. డీఆర్‌ఓ సాకెట్‌లో 5 వోల్టులు, సున్నా ఏ పిన్నుల్లో ఉన్నాయో కూడా కొలిచే నిర్ణయించుకోండి, తొమ్మిది పిన్నుల కనెక్టర్లలోనూ కంపెనీని బట్టి వరుస మారుతుంది. ఆపైన సరైన తీగలకు పవర్ ఇచ్చి, సున్నా వోల్టుల తీగకూ ‘ఏ’ సిగ్నల్‌కూ మధ్య మీటర్ పెట్టి, హ్యాండిల్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. అంకె సున్నా దగ్గరి నుంచి 4, 5 వోల్టులకు దూకుతుంటే అది టీటీఎల్. రెండున్నర వోల్టుల చుట్టూ పావు వోల్టు మేర మెల్లగా పైకీ కిందికీ పోతుంటే ఒక వోల్టు రకం. దాదాపు ఏమీ కదలకపోతే 11 మైక్రో ఆంపియర్ల రకం కావచ్చు.

టీటీఎల్ అని తేలి, ‘ఏ’ సిగ్నల్ మాత్రమే దూకుతూ ‘బీ’ కదలకుండా ఉంటే, సోల్డర్ దగ్గర తీగ తెగిందనుకోండి. ఒక్క సిగ్నలే అందితే లెక్క ఒక మెట్టు ముందుకూ ఒక మెట్టు వెనక్కూ ఊగుతుంది తప్ప సాగదు. మీరు చెప్పిన లక్షణానికి ఇదీ సరిపోతుంది. సైన్ రకమని తేలితే మధ్యలో ఇంటర్‌పొలేటర్ పెట్టి టీటీఎల్‌గా మార్చుకోవచ్చు. నా ఉద్దేశంలో అది ఆ స్కేల్ నిజంగా మంచి స్థితిలో ఉంటేనే చేయదగ్గ ఖర్చు. వై లాంటి పొట్టి యాక్సిస్‌కు, కొత్త టీటీఎల్ స్కేల్ కొనడమే తెలివైన పని.

కొత్తది కొనేటప్పుడు ఆర్‌ఎస్ 422 అని రాసి ఉంటే అది కూడా చదరపు అలే, కాకపోతే ప్రతి సిగ్నల్‌కు తిరగేసిన జత తీగ అదనంగా ఉంటుంది. మామూలు టీటీఎల్ డీఆర్‌ఓకు కలిపేటప్పుడు ఆ జత తీగలను విడివిడిగా టేపు చుట్టి వదిలేయాలి. వాటిని సున్నాకు కలపకూడదు.

ప్రశ్న: మా లేత్ క్రాస్ స్లైడ్‌కు (టూల్‌ను జాబ్ వైపు అడ్డంగా జరిపే భాగం) పెట్టిన స్కేల్, ఒక మిల్లీమీటరు లోపలికి జరిపితే రెండు చూపిస్తోంది. రిజల్యూషన్ తప్పా?
– ఒక టర్నర్, ఆటోనగర్, విజయవాడ

జవాబు: బహుశా తప్పు కాదు, ఆ యాక్సిస్ డయామీటర్ మోడ్‌లో ఉండి ఉంటుంది. టూల్ ఒక మిల్లీమీటరు కదిలితే జాబ్ వ్యాసం రెండు తగ్గుతుంది, డిస్‌ప్లే దాన్నే చెబుతోంది. రేడియస్‌లో చూడాలంటే మెనూలో మార్చుకోండి. అయితే 5 మైక్రాన్ల స్కేల్‌తో వ్యాసం 10 మైక్రాన్ల మెట్లుగానే కనిపిస్తుంది కాబట్టి, బేరింగ్ సీట్ల వంటివి తిప్పే లేత్‌లో క్రాస్ స్లైడ్‌కు ఒక మైక్రాన్ స్కేల్ వేసి, పొడవు వెంట జరిగే క్యారేజ్‌కు 5 మైక్రాన్లది ఉంచుకోవచ్చు. రిజల్యూషన్‌ను యాక్సిస్‌కు విడివిడిగా సెట్ చేయడం మరవకండి.