తిట్టు ఉత్త మాటే కదా, ఎందుకంత గుచ్చుకుంటుంది?

"తిట్టు కూడా ఒక మాటే కదా, పట్టించుకోకపోతే పోలేదా?" అని అడిగారు. పోదని నాకు మా ఇంట్లోనే తెలిసింది.

మా బాపు వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో హమాలీ. మిర్చి సీజన్‌లో నేను సద్ది పట్టుకుని పోయేదాన్ని. అక్కడ "నీ అవ్వ" అనకుండా బస్తా లేవదు. అదే నోటితో చాయ్‌కి పిలుచుకుంటారు, ఎవరూ ఏమీ అనుకోరు. ఇంట్లో మాత్రం బాపు నోట ఆ మాట ఒక్కనాడూ వినలేదు. మా దిక్కు అవ్వ అంటే అమ్మే. నేను మా అమ్మను పిలిచేదీ "అవ్వా" అనే.

ఆరేళ్ల కింద బాపుకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. నా పేరు కూడా పలకలేకపోయాడు. మూడో వారం అవ్వ జావ తాగిస్తుంటే, వేడి తగిలిందేమో, "నీ అవ్వ" అన్నాడు. స్పష్టంగా. మాట వచ్చిందని నాకు పట్టరాని సంతోషం. అవ్వ చెంచా గిన్నెలో పెట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆలోచించి కూర్చుకునే మాటలు చాలామందికి మెదడు ఎడమవైపు నుంచి వస్తాయట. తిట్లు, ఒకటీ రెండూ మూడూ లెక్కపెట్టడం లాంటి అలవాటు మాటల దారి వేరని, అందుకే అవి ఒక్కోసారి మిగిలిపోతాయని డాక్టరు చెప్పారు. "నన్ను తిట్టలేదు బిడ్డా, నాకు తెల్వదా" అంది అవ్వ. తెలిసినా, అన్నప్పుడల్లా ఆమె ముఖం చిన్నబోయేది.

మనసు సర్దిచెప్పుకునేలోపే ఒంటికి తగిలిపోతుంది. టర్కిష్ అమ్మభాషగా ఉండి, ఇంగ్లీషు కూడా వచ్చినవాళ్లకు బూతులు, మందలింపులు వినిపించి చర్మంలో వచ్చే మార్పును కొలిచారు. 2003లో ఆ ఫలితాలు వచ్చాయి: అమ్మభాషలో విన్నప్పుడే ఎక్కువ చలించారు. ఆఫీసులో ఇంగ్లీషు బూతు వింటే నాకేమీ అనిపించదు, అదే తెలుగులో అంటే చెవులు వేడెక్కుతాయి. చిన్నప్పుడు ఆ మాటలను మూతి మీద పడ్డ దెబ్బతో కలిపి నేర్చుకున్నాం మరి.

కులం పేరుతో తిట్టడాన్ని మాత్రం ఇందులో కలపకండి. ఎస్సీ, ఎస్టీలను నలుగురిలో అలా దూషించడం 1989 నాటి చట్టం కింద నేరం. ఆ మాట పడ్డవాళ్లకు "పట్టించుకోకు" అని చెప్పే హక్కు మనకు లేదు.

బాపుకు ఇప్పుడు కొన్ని మాటలు వచ్చాయి. ఆ మాట కూడా ఇంకా దొర్లుతుంది. దొర్లగానే ఎడమ చేత్తో తన మూతి మీద తనే కొట్టుకుంటాడు. అవ్వ ఆ చెయ్యి పట్టుకుని, ఇంకో చెంచా జావ పెడుతుంది.