ఉప్పునీటిలో సిల్వర్ నైట్రేట్ కలిపితే చర్య జరుగుతుంది, పొటాషియం నైట్రేట్ కలిపితే జరగదు, ఎందుకు?

అయాన్లు (లవణం నీటిలో కరిగినప్పుడు విడిపోయే విద్యుదావేశం గల కణాలు) జతలు మార్చుకున్నట్టు ద్వంద్వ వియోగ సమీకరణాన్ని కాగితం మీద ఏ రెండు లవణాలకైనా రాయవచ్చు గాని, ఆ కొత్త జతల్లో కనీసం ఒకటి ద్రావణం నుంచి తొలగిపోయినప్పుడే అది నిజమైన చర్య అవుతుంది.

విశాఖపట్నం ఆర్.కె. బీచ్ నుంచి తెచ్చిన సముద్రపు నీటిని వడగట్టి, అందులో సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని చుక్కలుగా వేస్తే, విరిగిన పాలను తలపించే తెల్లని అవక్షేపం వెంటనే ఏర్పడుతుంది. అది ప్రధానంగా సిల్వర్ క్లోరైడ్ (సముద్రంలోని కొద్దిపాటి బ్రోమైడ్ కూడా దానితో కలిసే దిగుతుంది). 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు శుద్ధజలంలో సిల్వర్ క్లోరైడ్ సుమారు 2 మిల్లీగ్రాములే కరుగుతుంది కనుక, సిల్వర్, క్లోరైడ్ అయాన్లు కలిసిన మరుక్షణమే ఘనపదార్థంగా విడిపోతాయి. సోడియం, నైట్రేట్ అయాన్లు మాత్రం చర్యకు ముందు ఎలా ఉన్నాయో తరువాత కూడా అలాగే నీటిలో ఉండిపోతాయి.

మామూలు ఉప్పునీటిలో పొటాషియం నైట్రేట్ కలిపినప్పుడు ఏర్పడగల జతలన్నీ బాగా కరిగేవే కాబట్టి, నాలుగు రకాల అయాన్లూ విడివిడిగానే మిగులుతాయి. పాఠ్యపుస్తకాలు ఈ సంగతిని ఒక్క వాక్యంతో దాటవేయడం వల్లే విద్యార్థులు లేని చర్యకు కూడా సమీకరణం రాస్తారని నా అభిప్రాయం.

అవక్షేపమే ఏర్పడాలని లేదు. ఆమ్లం, క్షారం కలిసినప్పుడు వాటి హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లు జతకట్టి నీరుగా మారిపోవడం కూడా ఇదే కోవకు చెందుతుంది.