అడుక్కోకు, రాసి ఇవ్వు: కొలోన్ హాస్పిటల్లో పనిచేస్తున్న మా అక్క కూతురికి

అమ్మలూ,

ఆదివారం నీతో మాట్లాడినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్ళి మూడు గంటలు కూడా పడుకోకుండా శనివారం ట్రైనింగ్‌కి పరిగెత్తావు, ఆ గంటలేమో డ్యూటీ లెక్కలోకి రాలేదు, పైగా సీ వన్ జర్మన్ క్లాసు (భాషలో పై స్థాయిది) ఒక వారం చేద్దామని ఉంది గానీ "కొత్తదాన్ని కదా పిన్నీ, ఇప్పుడే లీవ్ అడిగితే ఏమనుకుంటారో" అన్నావు. ఫోన్లో చెప్తే నువ్వు ఊఁ ఊఁ అంటావు, పెట్టేశాక మళ్ళీ మామూలే. అందుకే కూర్చుని రాస్తున్నా, నింపాదిగా చదువు.

ముందు ఆ శనివారం సంగతి. అగ్నిప్రమాదం వస్తే ఏం చెయ్యాలి, గుండె ఆగితే ఏం చెయ్యాలి, ఇన్ఫెక్షన్ రాకుండా ఏం చెయ్యాలి, ఇలాంటివి హాస్పిటల్ వాళ్ళు స్టాఫ్‌కి నేర్పించి తీరాలి, అది వాళ్ళ బాధ్యత. చట్టం గానీ యూనియన్ ఒప్పందం గానీ యజమాని మీద పెట్టిన ట్రైనింగ్ అయితే దానికి నీ దగ్గర ఒక్క యూరో తీసుకోకూడదు, వీలైనంతవరకు డ్యూటీ టైంలోనే పెట్టాలి, బయట పెడితే ఆ గంటలు పని గంటలే. ఇది నేను ఊహించి చెప్పేది కాదు. యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన డైరెక్టివ్ ఉంది, దాని 13వ ఆర్టికల్ ఇదే, దేశాలన్నీ 2022 ఆగస్టు 1 లోపు తమ చట్టంలో పెట్టుకోవాలన్నారు, జర్మనీ దాన్ని గెవెర్బె ఓర్డ్‌నుంగ్ అనే వ్యాపార నియమాల చట్టంలో 111వ సెక్షన్‌గా పెట్టింది. ఆ నంబరు చేతిమీద రాసుకో. ఇంకోటి, అది పని గంటే అయినప్పుడు నైట్ దిగాక నీకు రావాల్సిన రెస్ట్ కూడా లెక్కకొస్తుంది, రెండు డ్యూటీల మధ్య 11 గంటలు ఉండాలి, హాస్పిటల్ కాబట్టి మామూలుగా 10కి తగ్గించగలరు. మూడు గంటలు ఎక్కడా లేదు.

నాకు ఇవేవీ తెలియని రోజులు గుర్తొచ్చి కడుపు రగిలిపోయింది. 2003లో నేను ముసలివాళ్ళ హోంలో హెల్పర్‌గా చేరినప్పుడు, పేషెంట్‌ని మంచం మీంచి లేపే మెషీన్ వాడాలంటే సర్టిఫికెట్ ఉండాలన్నారు, కోర్సుకి 180 యూరోలు నేనే కట్టాను, రెండు శనివారాలు పోయాయి, పైగా రెండేళ్ళలోపు మానేస్తే ఇంకా ఏదో తిరిగి కట్టాలని ఒక కాయితం మీద సంతకం కూడా పెట్టించారు. ఆ కాయితంలో ఏం రాసుందో నాకు అర్థం కాలేదు, అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గేసింది. అప్పుడు నా చంకలో మీ అన్న, జీతం 900 యూరోలు. నీకు ఆ గతి పట్టకూడదు.

ఇక అసలు విషయం, నీ జర్మన్ వారం. దీన్ని ఇక్కడ బిల్డుంగ్స్‌ఉర్లాప్ అంటారు, చదువు సెలవు అనుకో. మీ రాష్ట్రంలో, అదే మన నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియాలో, ఏడాదికి 5 పనిరోజులు. జీతం హాస్పిటల్ ఇస్తుంది, కోర్సు ఫీజు నువ్వు కట్టుకోవాలి (ఆ ఫీజు టాక్స్ ఫైల్ చేసేటప్పుడు ఖర్చు కింద చూపించుకోవచ్చు, రసీదు పారేయకు). నీ మామూలు సెలవులకీ దీనికీ సంబంధం లేదు, అందులోంచి కోయరు. చేరి ఆరు నెలలైతే చాలు, నీకు పద్నాలుగు నెలలైంది. ఈ ఏడాది 5, వచ్చే ఏడాది 5 కలిపి ఒకేసారి 10 రోజులుగా కూడా వాడుకోవచ్చు. పదిమంది కన్నా తక్కువున్న చిన్న చోట్ల ఈ హక్కు లేదు గానీ మీ హాస్పిటల్‌కి ఆ సమస్యే లేదు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, నేను దీన్ని మొదటిసారి వాడుకున్నది చేరిన పదకొండో ఏట. అంటే పదేళ్ళ రోజులు, యాభై రోజులు, గాలికి పోయాయి. పక్క డిపార్ట్‌మెంట్‌లో ఒక పోలిష్ ఆవిడ ప్రతి మే నెలలో వారం కనపడేది కాదు, ఏదో అనారోగ్యం అనుకునేదాన్ని. ఒకరోజు టీ తాగుతూ అడిగితే ఆవిడ ఫోక్స్‌హోఖ్‌షూలేలో క్లాసుకి వెళ్తానని చెప్పింది, పెద్దవాళ్ళ కోసం నడిపే బడి అది. నోట మాట రాలేదు నాకు. ఎవరూ వచ్చి "నీకు ఇది ఉంది తీసుకో" అని చెప్పరమ్మా, బోర్డు మీద కూడా పెట్టరు.

ఎలా చెయ్యాలో చెప్తా విను. ముందు కోర్సు వెతుకు. ఊరూరా ఉండే ఫోక్స్‌హోఖ్‌షూలేలో జర్మన్ కోర్సులు ఉంటాయి, కానీ అన్నీ పనికిరావు, మన రాష్ట్రం చదువు సెలవు చట్టం కింద గుర్తింపు ఉన్నవే కావాలి, వాళ్ళని ఫోన్ చేసి "గుర్తింపు లెటరు ఇస్తారా" అని అడిగితే పంపుతారు. రోజుకి ఎన్ని క్లాసులో చూపించే టైంటేబుల్ కూడా తీసుకో. తర్వాత లెటరు. అది కోర్సు మొదలవ్వడానికి కనీసం 6 వారాల ముందు చేరాలి, నేనైతే 8 వారాలు చెప్తా. లెటర్లో "దయచేసి అనుమతించగలరు" అని మన తెలుగు స్కూలు లీవ్ లెటర్లాగా రాయకు! చట్టం ప్రకారం నువ్వు తెలియజేస్తున్నావు అంతే. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చదువు సెలవు వాడుకుంటున్నాను, కోర్సు కాయితాలు జత చేశాను" అని రెండు ముక్కలు, మర్యాదగానే, తలెత్తుకుని. వాళ్ళు కాదనాలంటే మూడు వారాల్లోపు కారణంతో సహా రాసి ఇవ్వాలి, ఆ కారణం కూడా హాస్పిటల్ పని నిజంగా ఆగిపోతుందనో లేదా అదే వారం ఇంకొకరి సెలవు ముందుందనో ఉండాలి, "నువ్వు కొత్త" అన్నది కారణం కాదు. వార్డు ఇన్‌ఛార్జ్ నోటితో "చూద్దాం" అంటే అది జవాబు కాదు, నీ లెటరు రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకుని రా. ఆ ముద్ర ఉన్న కాపీ నీ పాస్‌పోర్టు పెట్టుకునే కవర్లో పెట్టు.

నా మొదటి లెటరు నేను వంటింట్లో పప్పు పొయ్యి మీద పెట్టి రాశాను, పప్పు మాడింది, డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు సార్లు చించి మళ్ళీ రాశాను, ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చెయ్యి వణికింది. హెచ్‌ఆర్‌లో ఉన్న అమ్మాయి చూసి, ముద్ర కొట్టి, "అయిపోయింది" అని ఇచ్చేసింది. పదకొండేళ్ళ భయానికి పట్టిన టైం ఒక నిమిషం.

ఇదంతా ఊరికే వచ్చింది కాదు. 1974లో ఐఎల్‌ఓ, అంటే అంతర్జాతీయ కార్మిక సంస్థ, జీతంతో చదువు సెలవు మీద ఒక ఒప్పందం చేసింది, 140వ నంబరుది, జర్మనీ 1976లో ఒప్పుకుంది. మన రాష్ట్రం చట్టం 1985 నుంచి అమల్లో ఉంది, యజమానులు కోర్టుకెక్కారు, 1987 డిసెంబర్లో రాజ్యాంగ కోర్టు ఈ చట్టం చెల్లుతుందని తీర్పిచ్చింది. ఈయూ లెవెల్లో హక్కుల చార్టర్ 14వ ఆర్టికల్లో ట్రైనింగ్ హక్కు ఉంది, 2017 నవంబరులో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ప్రకటించిన సామాజిక హక్కుల స్తంభంలో (ఈయూ ఒప్పుకున్న సూత్రాల జాబితా అది) మొట్టమొదటి సూత్రమే జీవితాంతం నేర్చుకునే హక్కు, 2021లో పోర్చుగల్‌లోని పోర్టోలో దేశాల నాయకులు 2030 కల్లా ఏటా 60 శాతం పెద్దవాళ్ళు ఏదో ఒక ట్రైనింగ్ చెయ్యాలనే టార్గెట్‌ని సమర్థించారు. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ చదువు విషయంలో ఈయూ దేశాలకి ఊతం ఇవ్వగలదు గానీ ఒకే చట్టం రుద్దలేదు, అందుకే ఫ్రాన్స్‌లో ఒకటి, జర్మనీలో ఒకటి, జర్మనీలోనే ఇంకో రాష్ట్రం బవేరియాకి వెళ్ళావంటే ఈ చదువు సెలవు చట్టమే లేదు. ఫ్రాన్స్‌లో పనిచేసేవాళ్ళకి ఒక అకౌంటు ఉంటుంది, ఏటా 500 యూరోలు పడతాయి 5000 దాకా, ఉద్యోగం మారినా అది వాళ్ళతోనే ఉంటుంది. నాకైతే మనకీ అలాంటిది రావాలనిపిస్తుంది, 2022లో ఈయూ దేశాలన్నిటికీ అలాంటి అకౌంట్లు పెట్టమని సిఫార్సు కూడా చేసింది, కానీ సిఫార్సు సిఫార్సే.

ఇంకో జాగ్రత్త. ఐసీయూ స్పెషల్ కోర్సు రెండేళ్ళది హాస్పిటలే చేయిస్తుందన్నావు, చాలా మంచిది, చెయ్యి. కానీ దాంతో పాటు "మానేస్తే ఖర్చు తిరిగి కట్టాలి" అనే కాయితం వస్తుంది, చూసుకో. ఇక్కడి కోర్టుల లెక్క ఉజ్జాయింపుగా ఇదీ: ఒక నెలలోపు కోర్సుకి ఆరు నెలలకి మించి నిన్ను ఆ ఉద్యోగానికి కట్టిపడెయ్యలేరు, ఆరు నెలల నుంచి ఏడాది కోర్సుకి మూడేళ్ళ దాకా, రెండేళ్ళు దాటిన కోర్సుకి అయిదేళ్ళ దాకా. నెలనెలా ఆ మొత్తం తగ్గుతూ రావాలి. వాళ్ళ తప్పు వల్ల నువ్వు మానెయ్యాల్సి వస్తే అసలు అడగకూడదు. ఇవి అందులో రాసి లేకపోతే సంతకం పెట్టకు, "ఇంటికి తీసుకెళ్ళి చదువుకుంటా" అను. అలా అంటే ఎవరూ ఏమీ అనరు.

వీసా భయం వద్దు. నీ హక్కు నీ ఉద్యోగం వల్ల వచ్చింది, పాస్‌పోర్టు రంగు వల్ల కాదు, దీన్ని వాడుకున్నందుకు నీకు నష్టం చెయ్యకూడదు. ఒంటరిగా వెళ్ళాలనిపించకపోతే బెట్రీబ్స్‌రాట్ వాళ్ళని, అంటే ఉద్యోగులు తమ తరఫున ఎన్నుకునే కమిటీని, కలువు. మీది చర్చి వాళ్ళ హాస్పిటల్ అన్నావు కదా, అక్కడ దాన్ని మిట్ఆర్బైటర్ ఫెర్ట్రేటుంగ్ అంటారు, పేరు వేరు గానీ పని దాదాపు అదే. వెర్డి యూనియన్‌లో చేరితే గ్రాస్ జీతంలో 1 శాతం పోతుంది, నాకు తెలుసు నీకు అది ఎక్కువ అనిపిస్తుంది, ఇంటికి పంపాలి, అప్పు తీర్చాలి. కానీ కోర్టు దాకా వెళ్తే వాళ్ళ లాయరు నీ పక్కన కూర్చుంటాడు. ఆలోచించు, నేను బలవంతం చెయ్యను.

అమ్మకి ఇదంతా చెప్పకు, మా అక్క వెంటనే "గొడవలు పెట్టుకోకు తల్లీ" అంటుంది, తర్వాత నేను మాట్లాడతా. ఈ వారం నువ్వు చెయ్యాల్సింది రెండే. ఆ శనివారం ఎన్నింటికి వెళ్ళావో ఎన్నింటికి వచ్చావో ఇవ్వాళే రాసి పెట్టు, మర్చిపోకముందే. కోర్సు తేదీలు చూసి లెటరు చిత్తు ఒకటి రాసి ఫోటో తీసి పంపు. గురువారం నాకు డే షిఫ్ట్, రాత్రి ఎనిమిది తర్వాత ఇంట్లోనే ఉంటా, కూర్చుని జర్మన్ తప్పులు దిద్ది పంపుతా.

నీ పిన్ని
డోర్ట్‌మండ్