వాల్వు యాంప్లిఫైయరు, పాత స్పీకర్లు: జోడీ కుదిరేదెలా?

ఈ వారం అందిన సందేహాల్లో చాలా వరకు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. చేతితో కట్టిన వాల్వు (సిగ్నలును పెంచే గాజు గొట్టం) యాంప్లిఫైయరును పాత కాలపు ఇంటి స్పీకర్లకు కలిపి పాట వినాలని ఇంతమంది ఉత్సాహపడటం నాకు ఎంతో ఆనందం కలిగించింది. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే వారానికి వాయిదా వేసి, వీటికే కాస్త విపులంగా జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మిత్రుడొకరు స్వయంగా కట్టిన 300బి వాల్వు సింగిల్ ఎండెడ్ (ఒకే వాల్వు మొత్తం సిగ్నలును పెంచే) యాంప్లిఫైయరును నాకు ఇచ్చారు. ఒక్కో ఛానెలుకు 8 వాట్లు మాత్రమే వస్తాయట. నా దగ్గరున్న పాత స్పీకర్ల వెనుక 60 వాట్లు అని రాసి ఉంది. ఈ రెండింటికీ పొసుగుతుందా?

జవాబు: వెనుక రాసి ఉన్న 60 వాట్లు ఆ స్పీకరు తట్టుకోగలిగే గరిష్ఠ శక్తి మాత్రమే, అది పలకడానికి అంత శక్తి కావాలని దాని అర్థం కాదు. మీరు చూడవలసిన అంకె సెన్సిటివిటీ. స్పీకరుకు 1 వాటు ఇచ్చి, 1 మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్ల శబ్దం వస్తుందో ఈ అంకె చెబుతుంది. వాట్లు రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం 3 డెసిబెల్లే పెరుగుతుంది కనుక, 1 వాటు నుంచి 8 వాట్లకు వెళ్లినా మనకు అదనంగా దక్కేది 9 డెసిబెల్లు. సెన్సిటివిటీ 95 డెసిబెల్లున్న స్పీకరు మీ యాంప్లిఫైయరుతో 104 దాకా పలుకుతుంది. అదే 84 ఉన్న స్పీకరు 93 దగ్గరే ఆగిపోతుంది. ఈ రెండోదాన్ని మొదటిదానితో సమానంగా మోగించాలంటే 100 వాట్ల యాంప్లిఫైయరు కావాలి.

పాత స్పీకర్లన్నీ ఒకే కోవకు చెందినవి కావని ఇక్కడ గుర్తుంచుకోవాలి. యాంప్లిఫైయరు నుంచి పది పదిహేను వాట్లు రాబట్టడమే గొప్పగా ఉన్న రోజుల్లో స్పీకర్లను తక్కువ శక్తితో గట్టిగా పలికేలా తయారు చేసేవారు. 1947లో బ్రిటన్‌లోని వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో విలియమ్సన్ ప్రచురించిన ప్రసిద్ధ సర్క్యూట్ ఇచ్చింది కూడా 15 వాట్లే. అంతకు ముందే పాల్ క్లిప్ష్ గది మూలలో ఇమిడేలా రూపొందించిన హార్న్ (బాకాలా విచ్చుకునే) స్పీకరుకు ఒకటి రెండు వాట్లు ఇచ్చినా ఇల్లంతా మారుమోగుతుంది. 1954లో ఎడ్గార్ విల్చర్ గాలి చొరబడని చిన్న పెట్టెలో, లోపలి గాలినే స్ప్రింగులా వాడుకొని, లోతైన మంద్రస్వరాలు పలికించే పద్ధతిని అకూస్టిక్ రీసెర్చ్ సంస్థ ద్వారా మార్కెట్లోకి తెచ్చారు. పెట్టె చిన్నదైంది, మంద్రం పెరిగింది, కానీ సెన్సిటివిటీ బాగా తగ్గింది. ట్రాన్సిస్టర్లు వచ్చి వాట్లు చవకయ్యాక ఆ లోటును ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మీ స్పీకర్లు మొదటి కోవకు చెందితే 8 వాట్లు ధారాళంగా సరిపోతాయి. రెండో కోవకు చెందితే గాత్రం, వీణ, చిన్న వాద్యబృందాలు మితమైన శబ్దంలో హాయిగా వినిపిస్తాయి గానీ, పెద్ద ఆర్కెస్ట్రా ఉవ్వెత్తున లేచే చోట శబ్దం నలిగిపోతుంది. అలాంటి స్పీకర్లకు ఈఎల్34 వాల్వుల జంటతో, రెండూ సిగ్నలును పంచుకొని పెంచే పుష్‌పుల్ పద్ధతిలో 30, 35 వాట్లు ఇచ్చే యాంప్లిఫైయరు మేలని నా అభిప్రాయం.

సెన్సిటివిటీ ఎంతో తెలియకపోయినా ఫరవాలేదు. ఇప్పుడు వాడుతున్న యాంప్లిఫైయరుతోనే, రోజూ వినే స్థాయిలో పాట పెట్టి, స్పీకరు టెర్మినళ్ల మధ్య ఏసీ వోల్టేజీని మల్టీమీటరుతో చూడండి. గట్టిగా మోగే భాగంలో ముల్లు 1 వోల్టు దగ్గర ఊగుతుంటే, 8 ఓముల స్పీకరు తీసుకుంటున్నది వాటులో ఎనిమిదో వంతే. మీటరు చూపేది సగటు విలువ కాబట్టి, మృదంగం మీద పడిన దెబ్బ వంటి క్షణిక శిఖరాలు దానికి మూడు నాలుగు రెట్లు, అంటే 4 వోల్టుల దాకా వెళ్తాయనుకోండి. 8 వాట్ల యాంప్లిఫైయరు 11 వోల్టుల శిఖరాలను అందుకోగలదు. కనుక ఇంకా చాలా వెసులుబాటు మిగిలే ఉంటుంది.

ప్రశ్న: ముప్పై నలభై ఏళ్ల నాటి స్పీకర్ల జత దొరికింది. యాంప్లిఫైయరుకు కలిపే ముందు ఏమేం పరీక్షించాలి?

జవాబు: మొదట ముందు గుడ్డను తీసి కోను (ముందుకూ వెనక్కూ కదిలే గరాటులాంటి భాగం) అంచును చూడండి. కోనును చట్రానికి కలిపే ఆ మెత్తని వలయం ఫోముతో చేసినదైతే, పైకి నిక్షేపంలా కనిపిస్తున్నా లోపల పొడిబారిపోయి ఉండవచ్చు. నా దగ్గరకు వచ్చిన ఒక జతలో వేలి కొన తాకించగానే అంచు తడి బిస్కెట్టులా విరిగి, జిగురు పట్టిన నల్లని పొడి వేలికి అంటుకుంది. అటువంటి స్పీకరును మోగిస్తే కోను పక్కకు ఒరిగి, లోపలి వాయిస్ కాయిల్ (కోనును కదిలించే తీగచుట్ట) అయస్కాంతానికి రాసుకొని పాడైపోతుంది. అంచును మార్పించుకుంటే చాలు, కోను, కాయిల్ మునుపటిలాగే పనిచేస్తాయి. రబ్బరు అంచులు, గుడ్డ అంచులు సాధారణంగా ఎక్కువ కాలం మన్నుతాయి.

అంచు గట్టిగా ఉంటే, రెండు చేతుల వేళ్లనూ కోను మధ్యభాగానికి ఇరువైపులా సమానంగా ఆనించి, చాలా మెల్లగా లోపలికి నొక్కి వదలండి. గరగరమని రాసుకున్న చప్పుడు రాకూడదు. గాలి చొరబడని పెట్టె అయితే, వదిలిన కోను టక్కున కాకుండా నింపాదిగా వెనక్కి రావాలి. వెంటనే వచ్చేస్తే ఎక్కడో గాలి కారుతోందన్నమాట. ఆ తర్వాత మల్టీమీటరుతో నిరోధం కొలవండి. 8 ఓముల స్పీకరు 5.5 నుంచి 7 ఓముల మధ్య చూపడం సహజమే, అది దోషం కాదు. చివరగా 1.5 వోల్టుల బ్యాటరీని క్షణకాలం తాకించి, రెండు స్పీకర్ల కోన్లూ ఒకే దిశలో కదులుతున్నాయో లేదో చూడండి. పాత రోజుల్లో ఎరుపు టెర్మినలుకు పాజిటివ్ ఇస్తే కోను లోపలికి కదిలేలా తయారుచేసిన కంపెనీలు కూడా ఉన్నాయి కాబట్టి, కదలిక లోపలికా బయటికా అన్నదానికన్నా రెండూ ఒకే తీరుగా ఉండటమే ముఖ్యం.

లోపలి క్రాసోవరులో (మంద్ర, తార స్వరాలను వేర్వేరు కోన్లకు పంచే సర్క్యూట్) ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉంటే, ఇన్నేళ్ల తర్వాత వాటి విలువ మారిపోయి ఉంటుందనుకోవడమే మంచిది. అదే విలువ గల కొత్తవి వేయండి. వాటి స్థానంలో ఫిల్మ్ కెపాసిటర్లు వేస్తే వాటి అంతర్నిరోధం తక్కువ కనుక ట్వీటరు (తారస్వరాలు పలికే చిన్న స్పీకరు) ఒక పాలు ఎక్కువ పలుకుతుంది. అది చెవికి పదునుగా తగిలితే, ఒక ఓము లోపు చిన్న రెసిస్టరును వరుసలో చేర్చితే పాత సమతూకం తిరిగి వస్తుంది.

ప్రశ్న: నేనే కట్టుకున్న యాంప్లిఫైయరు. పాట లేనప్పుడు స్పీకర్లలో సన్నగా గుయ్‌మనే శబ్దం వినిపిస్తోంది. పాత హార్న్ స్పీకర్లకు మార్చాక అది మరీ ఎక్కువైంది. ఎలా పోతుంది?

జవాబు: స్పీకర్లు మార్చడం వల్ల కొత్త దోషం రాలేదు, ముందు నుంచీ ఉన్నదే ఇప్పుడు వినిపిస్తోంది. సెన్సిటివిటీ పెరిగితే పాటతో పాటు ఆ రొద కూడా అంతే పెరుగుతుంది. ముందుగా ఇన్‌పుట్ వైర్లన్నీ తీసేసి, ఇన్‌పుట్ సాకెట్లకు షార్టింగ్ ప్లగ్గులు (సిగ్నలు తీగను గ్రౌండుకు కలిపే ప్లగ్గులు) పెట్టి వినండి. శబ్దం ఆగిపోతే తప్పు బయట ఉంది, బహుశా రెండు పరికరాల ఎర్తుల మధ్య ఏర్పడిన లూపులో. అలాగని ఎర్తు తీగను తొలగించే ప్రయత్నం మాత్రం ఎన్నడూ చేయకండి. ఆ తీగే మిమ్మల్ని షాక్ నుంచి కాపాడుతున్నది.

ఇన్‌పుట్ మూసినా శబ్దం ఆగకపోతే దాని స్వభావాన్ని చెవితో గుర్తించాలి. మెయిన్స్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ ఉన్న చోట అదే శ్రుతిలో మందంగా వినిపించే నాదం చాలా వరకు వాల్వులను వేడెక్కించే హీటరు వైర్ల నుంచో, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచో వస్తుంది. దానికి రెట్టింపు శ్రుతిలో, కాస్త కరకుగా వినిపిస్తే, వాల్వులకు అధిక వోల్టేజీ ఇచ్చే హెచ్‌టీ సప్లైలోని ఫిల్టరు చాలడం లేదన్నమాట. హీటరు వైర్లను బిగుతుగా మెలివేసి ఛాసిస్ (లోహపు పెట్టె) మూలల వెంట పోనివ్వండి. హీటరు వైండింగుకు మధ్య ట్యాపు (చుట్ట నడిమి నుంచి తీసిన కొస) లేకపోతే రెండు కొసల నుంచి చెరొక 100 ఓముల రెసిస్టరుతో గ్రౌండుకు కలపండి.

ట్రాన్స్‌ఫార్మర్ల విషయంలో మాత్రం ఛాసిస్‌కు రంధ్రాలు వేయక ముందే జాగ్రత్తపడాలి. పవర్ ట్రాన్స్‌ఫార్మరు సెకండరీ (కరెంటు బయటికి వచ్చే చుట్ట) కొసలన్నింటినీ విడివిడిగా ఇన్సులేట్ చేసి, దానికి మాత్రమే కరెంటు ఇచ్చి, ఇంకా దేనికీ కలపని, వాల్వులకూ స్పీకరుకూ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు సెకండరీకి హెడ్‌ఫోన్లు తగిలించి, దాన్ని బల్ల మీద మెల్లగా తిప్పుతూ వినండి. ఒక కోణంలో గుయ్‌మనే శబ్దం చటుక్కున పడిపోతుంది. రెండింటి కోర్లు ఒకదానికొకటి లంబంగా ఉన్నప్పుడు సాధారణంగా అలా జరుగుతుంది. అక్కడే పెన్సిలుతో గుర్తు పెట్టి బిగించండి. ఈ పది నిమిషాల పని వల్ల తర్వాత ఎన్నో రాత్రుల వెతుకులాట తప్పుతుంది.

ప్రశ్న: స్పీకర్లు కలపకుండా యాంప్లిఫైయరును వేడెక్కనివ్వవచ్చా?

జవాబు: వద్దు. లోడు లేని స్థితిలో సిగ్నలు వెళ్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీలో (వాల్వుల వైపు చుట్టలో) వోల్టేజీ విపరీతంగా పెరిగి ఇన్సులేషన్ తెగిపోవచ్చు. పరీక్ష కోసమైతే స్పీకరు స్థానంలో 8 ఓముల, తగినంత వాటేజీ గల రెసిస్టరును కలపండి.

ప్రశ్న: ఈఎల్34 వాల్వులు కొత్తవి వేశాను. బయాస్ నేనే సరిచేసుకోవచ్చా?

జవాబు: పాట లేనప్పుడు వాల్వులో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే ఈ అమరికను మీరే చేసుకోవచ్చు, కానీ లోపల 400 వోల్టులకు పైగా ఉంటుందనీ, ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా ఫిల్టరు కెపాసిటర్లలో అది నిలిచి ఉండగలదనీ ఒక్క క్షణం కూడా మరవకండి. లోపల చేయి పెట్టవలసి వస్తే ముందు ప్లగ్గు తీసి, ఇన్సులేషన్ ఉన్న వైరు చివర 2 కిలోఓముల, 10 వాట్ల రెసిస్టరు ద్వారా కెపాసిటర్లను ఖాళీ చేసి, నిజంగా సున్నా అయిందో లేదో మీటరుతో చూసుకోండి. స్క్రూడ్రైవరుతో షార్ట్ చేసే అలవాటు ప్రమాదకరం. కరెంటు ఉండగా కొలవవలసి వస్తే ఒక చేతిని జేబులో ఉంచుకోండి.

లెక్క చాలా సులభం. వాల్వులో ఎలక్ట్రాన్లు వెలువడే క్యాథోడ్ దగ్గర 10 ఓముల రెసిస్టరు ఉంటే, దాని మీద 0.4 వోల్టులు అంటే 40 మిల్లీఆంపియర్లు. ఆ ఎలక్ట్రాన్లను అందుకునే ప్లేటు మీద 400 వోల్టులుంటే వాల్వు మోస్తున్నది 16 వాట్లు. ఈఎల్34 ప్లేటు పరిమితి 25 వాట్లు కనుక వాల్వు నిశ్చింతగా పనిచేస్తుంది. చీకట్లో చూసినప్పుడు గాజు మీద పలుచని నీలికాంతి కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. ప్లేటు ఎర్రబడితే మాత్రం తక్షణం ఆపేయండి.

ప్రశ్న: వాల్వు యాంప్లిఫైయరుతో నా పాత స్పీకర్లు మరింత తియ్యగా పలుకుతున్నాయి. ఇది నిజమా, నా భ్రమా?

జవాబు: నిజమే కావడానికి బలమైన కారణాలున్నాయి. ఫీడ్‌బ్యాకు (బయటికి వచ్చే సిగ్నలులో కొంత వెనక్కి పంపి లోపాలు సరిచేసే ఏర్పాటు) లేని సింగిల్ ఎండెడ్ ట్రయోడ్ (300బి వంటి మూడు ఎలక్ట్రోడ్ల వాల్వు) యాంప్లిఫైయరులో వికృతి (డిస్టార్షన్) ఎక్కువగా రెండో హార్మోనిక్ రూపంలో ఉంటుంది. గాయకుడు పలికిన షడ్జమానికి అది పై స్థాయి షడ్జమం, అంటే స్వరానికి స్వజాతి. అందుకే కొద్దిపాటిగా కలిసినా చెవికి గుచ్చుకోదు, నాదం కాస్త నిండుగా తోస్తుంది.

రెండో కారణం మీ స్పీకర్లలోనే ఉంది. 8 ఓములు అని రాసి ఉన్నా, స్పీకరు ఇంపెడెన్సు (ఏసీకి చూపే నిరోధం) ఒక్కో శ్రుతి దగ్గర ఒక్కో విలువ చూపుతుంది. ఒకచోట 6 ఓములకు దిగి, మంద్రంలో కోను సహజంగా ఊగే శ్రుతి దగ్గర 40కి ఎగబాకడం మామూలే. ట్రాన్సిస్టర్ యాంప్లిఫైయరు అవుట్‌పుట్ ఇంపెడెన్సు అతి తక్కువ కాబట్టి ఈ హెచ్చుతగ్గులు దానికి అంటవు. మీ వాల్వు యాంప్లిఫైయరులో అది 2.5 ఓములుంటే, ఆ రెండు చోట్ల మధ్య స్పీకరుకు అందే వోల్టేజీలో సుమారు రెండున్నర డెసిబెల్ల తేడా వస్తుంది. తంబురా మంద్రతంత్రి నిండుగా మోగినట్లు మీకు అనిపించడానికి అది చాలు. ఇదే యాంప్లిఫైయరును మరో స్పీకరుకు కలిపితే ఇదే తీపి వస్తుందన్న నమ్మకం లేదు, మంద్రం బుడబుడలాడనూ వచ్చు. అందుకే ఈ రెండింటినీ విడివిడిగా మెచ్చుకోవడం గానీ తప్పుపట్టడం గానీ నాకు సబబుగా తోచదు.

మీ యాంప్లిఫైయరుకు 4 ఓముల ట్యాపు (స్పీకరు కలిపే టెర్మినలు) ఉంటే, అదే స్పీకరును ఈ రాత్రి ఆ ట్యాపుకు కలిపి వినండి. దాని అవుట్‌పుట్ ఇంపెడెన్సు 8 ఓముల ట్యాపులో సగమే. కాస్త శక్తి తగ్గినా మంద్రం బిగువుగా వస్తుంది, ట్రయోడ్ వాల్వులకు ప్రమాదమేమీ లేదు. ట్యాపు మార్చే ముందు ప్రతిసారీ యాంప్లిఫైయరును ఆపండి. రెండు సార్లూ శబ్దస్థాయి ఒకటిగా ఉండేలా, 1 కిలోహెర్ట్జ్ టోను పెట్టి స్పీకరు దగ్గర వోల్టేజీని మీటరుతో సమానం చేసుకోండి. లేకపోతే కొంచెం గట్టిగా మోగినదే మెరుగైనదని చెవి తీర్పు చెప్పేస్తుంది.